ముల్లు చెప్పిన అబద్ధం

ఆ శనివారం ఉదయం ఫ్రీమాంట్‌లోని ఆ ఇంటి వంటగదిలో పెసరట్ల వాసనతో పాటు కారు కబుర్లు కూడా నడుస్తున్నాయి. దామోదర్ అట్టు తుంచుకుంటూ వెనక యాక్సిల్ గురించి చెబుతున్నాడు. శశికళ పెనం మీద మరో అట్టు పోస్తూ వింటోంది. పన్నెండేళ్ళ మీనా టీవీ ముందు కూర్చుని కార్టూన్లు చూస్తోంది. అది ఎనభై రెండు, ఏప్రిల్ నెల.

ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే కారు. డెబ్భైలో తయారైన ఆకుపచ్చ షెవెల్. ముందు భాగంలో పెద్ద వి-ఎయిట్ ఇంజిన్. దేశంలో గ్యాస్, అంటే పెట్రోలు, దొరక్క జనం లైన్లలో నిలబడ్డ రోజుల్లో ఎవరో వదిలించుకుంటుంటే దామోదర్ ముచ్చటపడి కొన్నాడు. ఓక్లండ్‌లో పంపులు తయారుచేసే కంపెనీలో అతను ఇంజినీరు. వారమంతా ట్రైన్‌లో వెళ్ళి వస్తాడు. కాబట్టి ఆ అయిదు రోజులూ కారు శశికళది. హేవర్డ్‌లోని ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం. ముప్పై అయిదేళ్ళు నిండాక భయపడుతూ భయపడుతూ ఈ కారు మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. శని, ఆదివారాల్లో మాత్రం కారు అతనిది.

"వెనకాల మూలుగుతోందన్నావు కదా, అది గేర్లు అరిగిన చప్పుడట. మార్చాల్సిందే. ఏ రేషియో వేయించాలా అని ఆలోచిస్తున్నా," అన్నాడు దామోదర్.

"రేషియో అంటే?"

"చక్రం ఒకసారి తిరగాలంటే ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క. ఇప్పుడున్నది త్రీ నాట్ ఎయిట్. అంటే మూడుసార్లు, ఆపైన కొంచెం. నంబర్ పెద్దదైతే సిగ్నల్ దగ్గర కారు లేడిలా దూకుతుంది. కానీ ఫ్రీవే మీద ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, గ్యాస్ తాగేస్తుంది. చిన్నదైతే మెల్లగా లేస్తుంది, ఫ్రీవే మీద మాత్రం హాయి."

"మీకేది వేయించాలని ఉంది?"

దామోదర్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఫోర్ టెన్."

శశికళ అట్టు తిరగేసింది. "నేను రోజూ పోయేది ఫ్రీవే మీదే కదండీ. డ్యూటీ దిగి వచ్చేసరికే తల పగిలిపోతుంటుంది. ఆ అరుపు కూడా ఎందుకు చెప్పండి?"

అతను ఒక్క క్షణం ఆలోచించి తలూపాడు. "నిజమే. రోజూ డ్రైవ్ చేసేది నువ్వు. త్రీ నాట్ ఎయిటే మళ్ళీ వేయిస్తా."

శశికళ ఆ అట్టు అతని కంచంలోనే వేసింది. కారు విషయంలో ఆ ఇంట్లో ఆమె మాట నెగ్గడం అదే మొదటిసారి.

గ్యారేజ్‌కి వెళ్ళేటప్పుడు జగదీష్ తోడొచ్చాడు. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే పిచ్చి. జగదీష్‌కి ఎర్ర మస్టాంగ్ కారు ఉంది. మెకానిక్ ఏ గేర్లు కావాలని అడిగితే దామోదర్ త్రీ నాట్ ఎయిట్ అన్నాడు. జగదీష్ పగలబడి నవ్వాడు.

"అంత ఇంజిన్ పెట్టుకుని కింద ఎడ్లబండి గేర్లా, గురూ?"

"శశి రోజూ ఫ్రీవే మీద..."

"ఓ, మేడమ్ గారి డెసిషనా? అయితే నేనేం మాట్లాడను."

ఆ మాటకి దామోదర్ చెవులు వేడెక్కాయి. గ్యారేజ్ గోడకి ఆనుకుని జగదీష్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. దామోదర్ అతని వైపు చూడకుండా మెకానిక్‌తో, "ఫోర్ టెన్ వెయ్యండి," అన్నాడు.

కారు తీసుకునేటప్పుడు మెకానిక్ ఒక హెచ్చరిక చేశాడు. గేర్లు మారాయి కాబట్టి ఇక నుంచి స్పీడోమీటర్ ముల్లు ఉన్న వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని సరిచెయ్యడానికి ట్రాన్స్‌మిషన్ దగ్గరుండే చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం మార్చాలి. ప్రస్తుతం తన దగ్గర లేదని, తెప్పిస్తానని, వచ్చే వారం రమ్మని అన్నాడు.

మరుసటి వారం దామోదర్ వెళ్ళలేదు. తీరిక లేదని తనకి తాను చెప్పుకున్నాడు కానీ అసలు కారణం అతనికి తెలుసు. ముల్లు నిజం చెబితే, ఫ్రీవే స్పీడ్ లిమిట్ యాభై అయిదు మైళ్ళ మీద ఇంజిన్ గోల పెడుతుంది. శశికళకి ఆ రోజే తెలిసిపోతుంది. ముల్లు అబద్ధం చెప్పినంతకాలం ఆమెకి యాభై అయిదు దగ్గర పాత చప్పుడే వినిపిస్తుంది. ఎందుకంటే అప్పుడు కారు నిజంగా పోయేది నలభై ఒకటే. తాను నడిపేటప్పుడు అతను మనసులో లెక్క కట్టుకుంటాడు. ఆమెకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

మొదట్లో ఆమె అంది, "కారు చురుగ్గా లేస్తోందండీ."

"కొత్త గేర్లు కదా," అన్నాడు.

తర్వాత అంది, "ఈమధ్య అందరూ నన్ను చూసి హారన్ కొడుతున్నారు. స్పీడ్ లిమిట్‌లోనే పోతున్నాను. జనానికి ఓపిక తగ్గిపోయింది."

అతను పేపర్ మడిచి మళ్ళీ విప్పాడు. ఇప్పుడే చెప్పేయాలనుకున్నాడు. ఈ శనివారం ఆ చక్రం వేయిస్తే సరిపోతుంది, చెప్పి గొడవ పడటమెందుకు అనీ అనుకున్నాడు. ఆ శనివారం జగదీష్‌తో కలిసి కారు వేసుకుని మిషన్ బులవార్డ్ రోడ్డు మీద తిరిగొచ్చాడు.

శశికళ ఇంటి నుంచి ఇంకా పెందలాడే బయల్దేరడం మొదలుపెట్టింది. అయినా ల్యాబ్‌కి ఆలస్యమయ్యేది. ఒకరోజు మీనాని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తుంటే ఆ పిల్ల సీట్లోంచి కిందికి జారి కూర్చుంది.

"అమ్మా, ఎవ్రీబడీ మనల్ని పాస్ చేస్తున్నారు. మా ఫ్రెండ్స్ చూస్తే? నువ్వు గ్రాండ్‌మాలా డ్రైవ్ చేస్తావ్."

ఆ మాట శశికళ రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూనే చెప్పింది. కూతుర్ని మందలించాల్సిన దామోదర్ మంచినీళ్ళు తాగాడు.

మే నెలలో హైవే పోలీసు ఆమెని ఆపాడు. అంత నెమ్మదిగా పోతే వెనకవాళ్ళకి ప్రమాదమని, ఒంట్లో బాగోలేదా అని మర్యాదగానే అడిగాడు. "ముల్లు యాభై అయిదు మీదే ఉంది సర్," అంది శశికళ. అతను ఆమె మొహంలోకి జాలిగా చూసి, జాగ్రత్తగా ఇంటికి వెళ్ళమన్నాడు. ఇంటికొచ్చి ఆమె సోఫాలో కూర్చుని ఏడ్చింది. "నాకేదో అయిందండీ. నంబర్లు కూడా సరిగ్గా చూడలేకపోతున్నానా?" అంది. దామోదర్ మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చాడు. తల నిమిరాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేశాడు. ఇంత దూరం వచ్చాక చెబితే, ఆ మొదటి రోజు నుంచీ దాచినవన్నీ చెప్పాలి.

ఆ వారాంతంలో జగదీష్ ఇంట్లో నలుగురు తెలుగువాళ్ళు భోజనానికి చేరారు. పోలీసు సంగతి ఎలాగో బయటికొచ్చింది. జగదీష్ భార్య ఉషా, పులిహోర వడ్డిస్తూ, "కార్లోనే ఏదైనా ప్రాబ్లమేమో, అన్నయ్యగారూ. చెక్ చేశారా?" అని అడిగింది.

అందరూ దామోదర్ వైపు చూశారు. శశికళ కూడా చూసింది. ఆమె చూపులో చిన్న ఆశ ఉంది.

"కారుకేం లేదమ్మా, భేషుగ్గా ఉంది. మా ఆవిడ ఫ్రీవే ఎక్కితే రేడియోలో ట్రాఫిక్ వార్తల్లో చెప్పాలి, అంతే," అన్నాడు దామోదర్.

నవ్వులు లేచాయి. శశికళ కూడా నవ్వింది. కంచంలో పులిహోర మాత్రం అలాగే ఉండిపోయింది.

సోమవారం నుంచి ఆమె కారు ముట్టుకోలేదు. బస్సులు మారి వెళ్ళింది. ఉదయం షిఫ్ట్‌కి ఆమెని ఇన్‌ఛార్జిగా వెయ్యాలని ల్యాబ్‌లో అనుకుంటున్నారు. వేళకి రాలేనని, తనకొద్దని చెప్పేసింది. ఉద్యోగమే మానేద్దామా అని కూడా ఆలోచిస్తున్నట్టు దామోదర్‌తో అంది. "నీ ఇష్టం," అన్నాడతను.

హేవర్డ్‌లోనే బ్యాంకులో పనిచేసే ఉషాకి ఈ సంగతి తెలిసి, ఒకరోజు సాయంత్రం శశికళని తన కార్లో ఎక్కించుకుని తెచ్చి దింపింది. శశికళ హ్యాండ్‌బ్యాగ్ కూడా లోపల పెట్టకుండా నేరుగా గ్యారేజ్‌లోకి వచ్చింది. దామోదర్ షెవెల్ అద్దాలు తుడుస్తున్నాడు.

"ఏవండీ, ఉషా కార్లో ముల్లు యాభై అయిదు మీద ఉంది."

"ఊఁ."

"పక్కన ఒక లారీ మాతోపాటే వచ్చింది. చాలాదూరం వచ్చింది. మమ్మల్ని దాటిపోలేదు."

దామోదర్ చేతిలో గుడ్డ ఆగింది.

"మన కార్లో నేను యాభై అయిదులో పోతే ఏ లారీ నాతో రాదు. అన్నీ దాటిపోతాయి. మీటర్ తప్పేమోనని నాకు ముందే అనిపించిందండీ. కానీ తప్పయితే మీకు తెలియకుండా ఉంటుందా? తెలిస్తే నాకు చెప్పకుండా ఉంటారా? అందుకని లోపం నాలోనే ఉందనుకున్నాను."

దానికి బదులు ఆమె గట్టిగా తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు. కారుకి ఆనుకుని, తల దించుకుని అంతా చెప్పాడు. ఫోర్ టెన్ సంగతి, జగదీష్ నవ్వు సంగతి, మార్చకుండా వదిలేసిన చక్రం సంగతి. చెబుతుంటే తన మాటలు తనకే ఎంత అల్పంగా వినిపించాయో.

"పోలీసు ఆపిన రోజు మీకు తెలుసా?"

"తెలుసు."

"ఉషా వాళ్ళింట్లో అందరి ముందూ?"

"తెలుసు, శశీ."

ఆమె హ్యాండ్‌బ్యాగ్ కారు మీద పెట్టింది. "మీరు ఏ గేర్లు వేయించుకున్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను ఏడుస్తుంటే మజ్జిగ తెచ్చిచ్చారు, తల నిమిరారు. అది తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది."

వంటింటి గుమ్మంలో మీనా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"నాన్నా, అమ్మ కరెక్ట్‌గానే డ్రైవ్ చేసిందా?"

"చేసింది, అమ్మా."

"మరి నేను... నేను సీట్ కింద దాక్కున్నాను కదా." ఆ పిల్ల పరుగున వచ్చి తల్లి నడుము చుట్టూ చేతులు వేసింది. "సారీ, అమ్మా. నాకు తెలీదు."

కూతురు తనకోసం కాక తన మూలంగా ఏడుస్తుంటే దామోదర్ అక్కడ నిలబడలేకపోయాడు. లోపలికి వెళ్ళి జగదీష్‌కి ఫోన్ చేశాడు. గొంతు తగ్గించలేదు, శశికళకి వినిపించేలాగే మాట్లాడాడు. "ఆ రోజు నేను మీ ఇంట్లో అబద్ధం చెప్పాను. శశి డ్రైవింగ్‌లో ఏ తప్పూ లేదు. మీటర్ తప్పని నాకు తెలుసు. ఉషాకీ, ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ నేనే చెప్తా."

"ఇంత చిన్నదానికి ఎందుకు గురూ..."

"చిన్నది కాదు," అని పెట్టేశాడు.

ల్యాబ్‌కి వచ్చి సూపర్‌వైజర్‌తో తాను మాట్లాడతానన్నాడు. శశికళ వద్దంది. "నా ఉద్యోగం సంగతి నేను మాట్లాడుకుంటాను. మీరు సాయం చెయ్యకండి."

ఆదివారం ఉదయం ఆమె స్నానం చేసి, చీర కట్టుకుని వచ్చి అతని ముందు చెయ్యి చాచింది. "తాళాలివ్వండి. మీరు పక్కన కూర్చోండి."

రోడ్డు మీద పెద్దగా రద్దీ లేదు. ఆమె ఫ్రీవే ఎక్కి, కుడి లేన్‌లో ముల్లుని సరిగ్గా యాభై అయిదు మీద నిలిపింది. "రోజూ ఇలాగే వెళ్ళేదాన్ని. చూడండి."

దామోదర్ పక్క అద్దంలోకి చూశాడు. ఒక లారీ ముందు భాగం అద్దమంతా నిండిపోయింది. కారంతా అదిరేలా హారన్ మోగింది. లారీ లేన్ మార్చి దాటుతుంటే గాలికి కారు పక్కకి ఊగింది. వెనకే వచ్చినవాడు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏదో తిట్టాడు. దామోదర్ చెయ్యి తనకి తెలియకుండానే తలుపు పిడిని పట్టుకుంది. శశికళ రెండు చేతులూ స్టీరింగ్ మీద కదలకుండా ఉన్నాయి. వర్షంలో కూడా, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు కూడా, తన తప్పే అనుకుంటూ కూడా ఆమె ఇలాగే నడిపింది. తాను నలుగురిలో పిరికిదాన్ని చేసి నవ్వులపాలు చేసింది ఈ మనిషినా?

"శశీ, స్పీడ్ పెంచు."

"ఎంతకి?"

"ముల్లు డెబ్భై మూడు మీదికి తీసుకెళ్ళు. అప్పుడు నిజంగా యాభై అయిదు."

ఆమె ఒక్కసారి తల తిప్పి అతన్ని చూసింది. "ఈసారి నిజమేనా?"

"నిజం," అన్నాడు.

ఆమె పెడల్ నొక్కింది. ఇంజిన్ చెవులు హోరెత్తేలా అరిచింది. ముల్లు అరవై దాటింది, డెబ్భై దాటింది. ముందున్న లారీ దగ్గరయింది, పక్కకొచ్చింది, అక్కడే వాళ్ళతో పాటు ఉండిపోయింది. వెనక నుంచి హారన్ లేదు. శశికళ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఆమె చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి, చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. దామోదర్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"మీరిప్పుడు ఏడవకండి. నేను మిమ్మల్ని ఓదార్చలేను, రోడ్డు చూడాలి," అంది.

"రేపే ఈ గేర్లు తీయించేస్తా. త్రీ నాట్ ఎయిటే వేయిస్తా."

"మీరు వేయించడం కాదు. నేనొస్తాను. ఏమేం గేర్లు ఉన్నాయో మెకానిక్‌ని నేనే అడుగుతాను." కొంతదూరం పోయాక ఆమె గొంతు కాస్త మెత్తబడింది. "సిగ్నల్ దగ్గర దూకడం నాకూ బాగానే ఉంది. మధ్యలో ఏదైనా నంబర్ ఉంటుంది కదా?"

"ఉంది. త్రీ థర్టీ వన్ అని ఉంది."

"అది వేస్తే ఇది ఎంత అరుస్తుందో, ముల్లు ఎంత చూపిస్తుందో, దాచకుండా చెప్పండి."

అతను కళ్ళు తుడుచుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.