సుద్ద తడవలేదు

భూగర్భజలాల ఇంజనీర్ సగం తాగిన టీ కప్పు పక్కన తల వాల్చి చచ్చిపోయాడు. విషం. బిగుసుకున్న కుడి పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. లోపల ఒక సుద్దముక్క.

"బళ్ళో పంతులు కాడు కదా, సుద్ద ఎందుకు?" పెద్దాయన దాన్ని టేబుల్ మీద దొర్లించాడు. సీక్రెట్ సర్వీస్‌లో ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు. అడిగినవాళ్ళు ప్రమోషన్ మొహం చూడలేదు.

ఎదురుగా ఏజెంట్ ముంగిస సుద్దను తీసి జేబులో వేసుకున్నాడు. "బ్రీఫింగ్, సర్?"

"రేపు మధ్యాహ్నం మంత్రిగారు బటన్ నొక్కుతారు. లోయలో వంద బోర్లు ఒకేసారి ఫుల్ కెపాసిటీతో లేస్తాయి. భూమిలో నీళ్ళన్నీ పైప్‌లైన్‌లో రాజధానికి. ఆ ధీమాతో ఇక్కడి పాత రిజర్వాయర్ మూసేశారు."

"ఇందులో మన సర్వీస్ పనేముంది, సర్?"

"తీపినీళ్ళ కింద ఉప్పునీళ్ళున్నాయి. పైవి అతిగా తోడితే కిందవి ఎగదన్నుతాయి. ఒకసారి కలిశాయా, మన మునిమనవళ్ళు కూడా విడదీయలేరు. విదేశీ ముఠా ఒకటి సముద్రపు నీళ్ళు శుద్ధిచేసే ఓడలతో కాచుకుని ఉంది. మన గొంతెండితే వాళ్ళు చెప్పిందే రేటు."

"మట్టం పడిపోతే పంపులు వాటంతటవే ఆగాలి కదా, సర్?"

"ఆగాలి. మాస్టర్ బావిలో వేలాడే సెన్సర్ 'నీళ్ళు చాలవు' అంటే ఒక్క పంపూ కదలదు. ఆర్నెల్లుగా ట్రయల్ పంపింగ్ చేస్తున్నా అది నిండుగా ఉన్నాయనే అంటోంది. ఆ బావి మీ అక్క పెరట్లో ఉంది. అందుకే నిన్ను పంపుతున్నా. అక్కడ మన ఏజెంట్ నెమలి కలుస్తుంది. నీ ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ ఆమె ద్వారానే నాకు చేరుతుంది."

మర్నాడు ఖాకీ చొక్కా, గుబురు మీసం, భుజాన స్టీల్ టేపుచుట్టతో, మీటర్ రీడర్ వేషంలో ముంగిస లోయలో దిగాడు. దిగి, దారి తప్పాననుకున్నాడు. చిన్నప్పుడు ఈత నేర్చుకున్న ఊటగుంటలో మోకాలి లోతు దుమ్ము. చుట్టూ చెట్లు నిలబడే చచ్చిపోయాయి. పిట్ట కూత లేదు. అక్క ఇంటి గోడ నెర్రెవిచ్చింది. ఆ నెర్రె పెరట్లోకి పాకి నేలను రెండుగా చీల్చింది.

అక్క గుమ్మంలోనే ఉంది. "మీసం వంకరగా అతికించావురా తమ్ముడూ."

"నేను మీటర్ రీడర్నమ్మా."

"అలాగేనండీ మీటర్ రీడర్‌గారూ. ఆ పగులు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. పైన పెచ్చు, లోపల డొల్ల. మొన్న మేక దిగబడింది, మళ్ళీ పైకి రాలేదు." ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. ఉన్నట్టుండి గొంతు మారింది. "బిందెలో అడుగంటిందిరా. రేపు నేనూ ఇల్లు వదిలేస్తాను. అందరూ వెళ్ళిపోయారు. నీ ఉద్యోగమేమిటో నాకు తెలీదు. చేయగలిగిందేదైనా ఉంటే ఈరోజే చెయ్యి."

ఇంట్లో రేడియోలో మంత్రిగారి ప్రారంభోపన్యాసం మోగుతోంది.

ముంగిస బావి దగ్గరికి పరుగెత్తాడు. డిస్‌ప్లే మీద పచ్చలైటు. నీళ్ళు నలభై మీటర్ల లోతులో ఉన్నాయట. జేబులో సుద్ద వేళ్ళకు తగిలింది. చచ్చినవాడి మాట అప్పుడు వినబడింది. టేపుకు సుద్ద పూసి బావిలోకి వదిలితే, నీళ్ళు తగిలిన మేర నల్లబడుతుంది. పాతకాలపు కొలత. సుద్దను ఎవడూ హ్యాక్ చేయలేడు.

పూసి, టేపు మొత్తం వదిలాడు. డెబ్భై, ఎనభై, వంద మీటర్లు. లాగాడు. కొస దాకా తెల్లగా, పొడిగా వచ్చింది.

సెన్సర్ కేబుల్ పట్టుకు లాగాడు. అది లోతుకు వెళ్ళనే లేదు. నిలువెత్తు ప్లాస్టిక్ గొట్టం పైకొచ్చింది. రెండు కొసలూ సీల్ చేసి ఉన్నాయి. లోపల ఎవరో పోసిన నీళ్ళలో సెన్సర్ హాయిగా మునిగి ఉంది.

ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. గుర్రుమంది, అంతే.

"మీ ఊళ్ళో వాన పడిందా?" వెనక తీయటి గొంతు.

"గొడుగులు అమ్మేశాం." కోడ్ పూర్తిచేస్తూ తిరిగాడు.

నెమలి! నీలం సిల్కు గౌను, నల్లకళ్ళద్దాలు, సూదుల్లాంటి హైహీల్స్. ప్రాజెక్టుకు ఆమె కన్సల్టెంట్. సర్వీస్‌కు గూఢచారి. చేతిలోని సైలెన్సర్ పిస్టల్ మూడో యజమాని ఎవరో చెబుతోంది.

"ఇంజనీర్‌కు టీ నువ్వే కలిపావా?"

"పంచదార ఎక్కువే వేశాను. మర్యాదస్తుడు, పాపం. గొట్టం లోపలికి దించెయ్, ముంగిసా."

మంత్రిగారు ఇంకా మాట్లాడుతున్నారు. రాజకీయ ఉపన్యాసం దేశాన్ని కాపాడటం ముంగిస అదే మొదటిసారి చూడటం. కానీ ఆ అదృష్టమూ అయిపోయింది. రేడియోలో జనం లెక్కపెడుతున్నారు. పది! తొమ్మిది!

నెమలి వెనక రెండడుగుల దూరంలో నేల చీలిక. ముంగిస టేపుచుట్టను ఆమె మొహం మీదికి విసిరాడు. ఆమె చటుక్కున వెనక్కి గెంతింది. హీల్ పెచ్చులోకి దిగింది. వెనకే మోకాలు, నడుము. పేలిన తూటా ముంగిస భుజాన్ని చీల్చుకుంటూ పోయింది.

నాలుగు! మూడు!

కుడిచెయ్యి లేవడం లేదు. గొట్టాన్ని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి, ఎడంచేత్తో కత్తి దింపాడు. ప్లాస్టిక్ జారింది. మళ్ళీ పొడిచాడు.

ఒకటి!

నీళ్ళు బుస్సున నేలమీదికి దూకాయి. డిస్‌ప్లే మీద ఎర్రలైటు. రేడియోలో బటన్ టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. లోయలో ఒక్క పంపూ కదల్లేదు. "సాంకేతిక కారణాల వల్ల..." అంటూ అనౌన్సర్ నీళ్ళు నమిలాడు.

"పైకి లాగండి!" చీలికలోంచి నెమలి కేక.

"ఉండమ్మా, మేక కూడా ఇలాగే తొందరపడింది," అంది అక్క.

ఇంటి ఫోన్‌లో ముంగిస చెప్పిందంతా పెద్దాయన విన్నాడు. "శభాష్! బోర్లన్నీ సీల్ చేయిస్తున్నా. మీ అక్కకు ట్యాంకర్ పంపిస్తా."

"ఊట తిరిగొస్తుందా, సర్?"

"ఉప్పు మాత్రం ఎక్కలేదు కదా. నువ్వూ నేనూ ఉంటామో లేదో గానీ, వస్తుంది."

ముంగిస నెత్తురోడుతున్న భుజంతో పెరట్లోకి వచ్చాడు. అక్క తన చీరకొంగు చించి గట్టిగా కట్టు కట్టింది. కానీ కళ్ళు మాత్రం నేల పీల్చేసుకుంటున్న తడి మీదే ఉన్నాయి.

"నిలువెత్తు గొట్టం నీళ్ళురా!" అంది. "కోసేముందు కింద బిందె పెట్టాలని తోచలేదూ నీకు?"