పెద్దమ్మ రెక్క గేటు దాటింది

జిగురు ఇంకా ఆరలేదు. టవర్ రెండు చేతులతో విమానం రెక్కను పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ముక్కు దురద పెడుతోంది. గోక్కుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"అక్కా, నేను గోకనా?" అన్నాడు తోక.

"నువ్వు కదలకుండా కూర్చో. అదే పదివేలు."

తోక కూర్చున్నాడు. కూర్చోవడమంటే కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి, గడ్డం బల్ల మీద పెట్టి, సరిగ్గా ఆ రెక్క కిందికే తల దూర్చడం. వాడికి కూర్చోవడమంటే అదే మరి.

టవర్, తోక అన్నవి వీళ్ళ అసలు పేర్లు కావు. ఏ విమానం ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎగరాలో ఎయిర్‌పోర్టులో కంట్రోల్ టవర్ చెప్తుంది కదా! ఇంట్లో ఎవరు ఎప్పుడు స్నానం చెయ్యాలో, ఎవరి పళ్ళెం ఎవరు కడగాలో ఈ పిల్ల చెప్తుంది. అందుకని నాన్న ఆ పేరు పెట్టాడు. తనకి పదేళ్ళు. తమ్ముడికి ఆరు. అక్క ఎటు పోతే అటు వెనకాలే వెళ్తాడు కాబట్టి వాడు తోక అయ్యాడు.

ఇంతకీ బల్ల మీద ఉన్నది ఏ విమానమో తెలుసా? పెద్దమ్మ.

పెద్దమ్మంటే సామాన్లు మోసే విమానం. అంత పెద్దది ప్రపంచం మొత్తానికి అదొక్కటే ఉండేది. ఆరు ఇంజిన్లు, ముప్పై రెండు చక్రాలు, వెనకాల రెండు తోకలు. సామాను ఎక్కించాలంటే ముందు కాళ్ళు మడిచి ఏనుగులా వంగేది. ముక్కు మొత్తం పైకి లేచేది. లారీలు దర్జాగా లోపలికి వెళ్ళిపోవచ్చు. దాని అసలు పేరు వేరే ఉంది కానీ, ఈ ఊరి ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే కార్గో షెడ్డు వాళ్ళకి నోరు తిరగక ముద్దుగా పెద్దమ్మ అనుకున్నారు.

ఆ కార్గో షెడ్డులోనే అమ్మ ఉద్యోగం. విమానంలో ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో లెక్క వేసేది అమ్మే. ముందు బరువెక్కువైతే ఒక తంటా, వెనక బరువెక్కువైతే ఇంకో తంటా. ఆ అలవాటు అమ్మకి ఇంట్లో కూడా పోలేదు. కూరగాయల సంచి సర్దినా అటూ ఇటూ తూచినట్టే సర్దుతుంది. స్కూటర్ మీద ముందెవరు, వెనకెవరు అన్నది కూడా అమ్మ ప్లానే. నా పొట్టకి మాత్రం లెక్క వెయ్యకు తల్లీ అని నాన్న దణ్ణం పెడతాడు.

నాన్న టైలర్. ముందు గదిలోనే కుట్టుమిషను. అందుకే టవర్ చేసే పెద్దమ్మకి బట్టల తానులో వచ్చే అట్టగొట్టమే ఒళ్ళు. దారపు రీళ్ళు ఇంజిన్లు. గుండీలు చక్రాలు. రేపు స్కూల్లో ఎగ్జిబిషన్. వారం రోజులుగా ఆ పిల్లకి తిండి మీద కూడా ధ్యాస లేదు.

పెద్దమ్మ ఈ ఊరికి ఒకే ఒక్కసారి వచ్చింది. అప్పుడు టవర్‌కి ఆరేళ్ళు. వీళ్ళుండే ఎయిర్‌పోర్టు క్వార్టర్స్ జనమంతా డాబా ఎక్కేశారు. పెద్దమ్మ తలల మీదుగా వెళ్తుంటే కిటికీ అద్దాలు గలగలమన్నాయి, ఆరేసిన బట్టల మీద మబ్బు కమ్మినట్టు నీడ పడింది. టవర్ నోరు తెరిచిందంటే మళ్ళీ మూసినట్టు గుర్తు లేదు. మరి తోక? రెండేళ్ళ తోక నాన్న భుజం మీద హాయిగా నిద్రపోయాడు. ఆ మోతకి జడుసుకుంటాడేమోనని ఎవరూ లేపలేదు.

ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ తోక ఇంట్లో ఎవర్నీ క్షమించలేదు. మళ్ళీ వస్తే లేపుతామని అమ్మ దగ్గర మాట తీసుకున్నాడు, నాన్న దగ్గర తీసుకున్నాడు, టవర్ దగ్గర రెండుసార్లు తీసుకున్నాడు. రోజూ పడుకునే ముందు తన బూట్లు గడప దగ్గర పెట్టుకుంటాడు, ముందు వైపు వీధికేసి తిప్పి. లేపగానే కాళ్ళు దూర్చి పరిగెత్తాలి కదా!

కానీ పెద్దమ్మ ఇక రాదు. దాని సొంత దేశంలో యుద్ధం వచ్చింది. అక్కడి షెడ్డులో రిపేరుకని ఆగిన పెద్దమ్మ కాలిపోయింది. ఆ రోజు అమ్మ డ్యూటీ నుంచి వచ్చి నారింజ రంగు కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. దగ్గరి చుట్టం పోయినట్టే ఏడ్చింది. తోకకి కొన్నాళ్ళాగి చెబుదాం అనుకున్నారు అందరూ. బూట్లు చూసినప్పుడల్లా ఎవరికీ నోరు రాలేదు. అలా కొన్నాళ్ళు కాస్తా చాలా రోజులయ్యాయి.

మొత్తానికి రెక్క అతుక్కుంది. టవర్ ముక్కు కసితీరా గోక్కుని, చేతులకంటిన జిగురు కడుక్కోవడానికి వెళ్ళింది.

అంతే, తోకకి పని దొరికింది. పెద్దమ్మ ముక్కు తలుపు ఎత్తాడు. లోపలంతా ఖాళీ. పాపం, ఖాళీ విమానం స్కూలుకి వెళ్తే ఏం బావుంటుంది? తన గోళీలన్నీ వేశాడు. బొమ్మ లారీ తోశాడు. కత్తిరించేటప్పుడు గుడ్డ కదలకుండా నాన్న పెట్టుకునే ఇనుప దిమ్మ కూడా తెచ్చాడు. ముందు చోటు మిగలాలని అన్నిటినీ స్కేలుతో వెనక్కి, ఇంకా వెనక్కి నెట్టాడు.

విమానం వెనక భాగం బరువెక్కింది. ముక్కు మెల్లగా పైకి లేచింది. పెద్దమ్మ నిజంగానే ఎగురుతోందనుకుని తోక చప్పట్లు కొట్టబోయాడు. ఈలోగా అది వెనక్కి వాలి బల్ల మీంచి కింద పడింది.

టవర్ పరిగెత్తుకొచ్చేసరికి విమానం తోకలు రెండూ విరిగి ఉన్నాయి. రెక్క ఊడింది. గుండీలు మంచం కిందికి దొర్లుతున్నాయి.

"నేను లోడ్ చేశానక్కా, అమ్మలాగా..." అన్నాడు తోక సన్నగా.

టవర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఏం అంటే వాడికి బాగా తగులుతుందో తనకి తెలుసు. అదే అంది.

"పెద్దమ్మ ఇంక రాదు. యుద్ధంలో కాలిపోయింది. అందరికీ తెలుసు, నీకొక్కడికే తెలీదు. వచ్చినప్పుడు నువ్వు మొద్దు నిద్ర పోయావు. ఇంక జన్మలో చూడలేవు."

ముందు గదిలో కుట్టుమిషను టక్కున ఆగిపోయింది.

తోక ఏడుస్తాడనుకుంది టవర్. ఏడవలేదు. నాన్న వైపు చూశాడు. నాన్న తల దించుకున్నాడు. దాంతో వాడికి అంతా అర్థమైపోయింది. నెమ్మదిగా గడప దగ్గరికి వెళ్ళి, బూట్లు తీసి, చెప్పుల స్టాండులో అన్నిటికన్నా కింది అరలో పెట్టేశాడు. తర్వాత కుట్టుమిషను కింద గుడ్డపీలికల్లో దూరి ముడుచుకుని కూర్చున్నాడు. నాన్న ఎంత బతిమాలినా బయటికి రాలేదు.

సాయంత్రం అమ్మ వచ్చింది. గడప దగ్గర ఖాళీ చోటు చూసి అక్కడే ఆగిపోయింది. నాన్న జరిగింది చెప్పాడు. అమ్మ కేకలేస్తుందని టవర్ ఎదురు చూసింది. కేకలేస్తేనే బావుండు అనుకుంది కూడా. అమ్మ నేల మీద కూర్చుని గుండీలు ఏరడం మొదలుపెట్టింది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా," అంది టవర్.

"చెప్పలేదు. ఎప్పుడో మేమే చెప్పాల్సింది. ధైర్యం చాలక ఊరుకున్నాం, అది మా తప్పు." అమ్మ ఒక గుండీ ఊది చేతిలో వేసుకుంది. "కానీ బరువైన మాట తల్లీ అది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మెల్లగా చెప్పాలి. నువ్వు విసిరికొట్టావు."

ఆ రాత్రి టవర్‌కి అన్నం సయించలేదు. తమ్ముడి పక్కన చేరి సారీ చెప్పింది. వాడు అటు తిరిగి పడుకున్నాడు.

అమ్మా తనూ కలిసి ఎలాగో అతుకులేసిన పెద్దమ్మని టవర్ మర్నాడు స్కూలుకి తీసుకెళ్ళింది. టీచర్ మెచ్చుకుంది. అయినా టవర్‌కి ఏమీ సంతోషం వెయ్యలేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంది. ఇంటర్వెల్‌లో ఎప్పుడూ తన క్లాసు గుమ్మంలో వేలాడే తోక ఆ రోజు రాలేదు.

మూడో తరగతి పిల్లాడొకడు వచ్చి పెద్దమ్మని తిప్పి తిప్పి చూశాడు. నిజం విమానం ఎంతుండేది, మన క్లాసంతా అని అడిగాడు. కాదు, పెద్దది అంది టవర్. స్కూలంతా? ఇంకా పెద్దది. ఇంకా పెద్దదంటే ఎంత? టవర్ చేతులు చాపింది. చాలలేదు. ఎలా చూపించాలో తెలీక నిలబడిపోయింది. ఇంటికెళ్తూ దారంతా అదే ఆలోచన. ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ కొంగు పట్టుకుని, పెద్దమ్మ కొలతలు గుర్తున్నాయా అని అడిగింది.

అమ్మకి గుర్తు లేకపోవడమా! నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

ఆదివారం మధ్యాహ్నం తోక నిద్రపోగానే పని మొదలైంది. క్వార్టర్స్ మధ్య పెద్ద ఖాళీ మైదానం ఉంది. ఆటలకి గీతలు గీసే సున్నం మూట వాచ్‌మన్ మామయ్య ఇచ్చాడు. నాన్న టేపు పెట్టి తాడు కొలిచాడు. ఇంత నడుమున్న కస్టమర్ తనకి జన్మలో తగల్లేదని, దీనికి చొక్కా కుట్టాలంటే ఎన్ని తానులు కావాలో అని వాపోయాడు. క్వార్టర్స్ పిల్లలంతా తాడు కొసలు పట్టుకున్నారు. అమ్మ చెప్తుంటే టవర్ సున్నం పోసుకుంటూ వెళ్ళింది. ముక్కు అయింది. ఒళ్ళు అయింది. మైదానం ఈ చివర మొదలుపెడితే తోకలు ఆ చివరికి వచ్చాయి.

రెక్క దగ్గర చిక్కొచ్చింది. ఒక రెక్క స్కూటర్ల స్టాండులోంచి వెళ్ళి గోడ దగ్గర సరిపోయింది. రెండోదానికి చోటు చాల్లేదు. కొంచెం పొట్టిగా గీసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నారు పిల్లలు. టవర్ ససేమిరా ఒప్పుకోలేదు. వాచ్‌మన్ మామయ్య తల గోక్కుని గేటు రెండు తలుపులూ బార్లా తీశాడు. పెద్దమ్మ రెక్క గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళింది.

సంగతి తెలిసి షెడ్డు వాళ్ళు ఒక్కొక్కరే కిందికి వచ్చారు. ఆనాడు పెద్దమ్మలోకి సామాను ఎక్కించిన ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే బాబాయ్ ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గీతల మధ్య, తను ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. మిగతావాళ్ళూ అంతే. అమ్మ ముక్కు ముందుకి వెళ్ళి నిలుచుంది.

టవర్ మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళింది. చేతులు, జుట్టు అంతా సున్నమే. తమ్ముడి మంచం పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"తోకా, లే నాన్నా. పెద్దమ్మని చూద్దువు గాని."

తోక కళ్ళు తెరిచాడు. "అది రాదుగా," అన్నాడు.

"రాదు. అది నిజమే. నీకు అలా చెప్పకుండా ఉండాల్సింది నేను. ఆ రోజు నువ్వు నిద్రపోవడం నీ తప్పు కాదురా, మేమెవరమూ లేపలేదు." టవర్ వాడి మీంచి దుప్పటి లాగింది. "ఇవాళ లేపుతున్నాను. అది ఎంతుండేదో చూపిస్తా. లే."

తోక అక్క మొహం చూశాడు. ముక్కు మీద అంటిన సున్నం చూశాడు. మంచం దిగి స్టాండు దగ్గరికి వెళ్ళి, కింది అరలోంచి బూట్లు లాగాడు. కుడి ఎడమలు తారుమారయ్యాయి. టవర్ చూసింది కానీ సరిచెయ్యలేదు. ఇద్దరూ డాబా ఎక్కారు.

పిట్టగోడ దగ్గర తోకని నడుం పట్టుకుని పైకి ఎత్తింది. కింద మైదానం నిండా పెద్దమ్మ ఉంది. రెక్క కింద నిలబడ్డ మనుషులు అగ్గిపుల్లల్లా ఉన్నారు. ముక్కు ముందు నారింజ కోటు వేసుకున్న అమ్మ ఉంది. విమానానికి దారి చూపేవాళ్ళలా రెండు చేతులూ పైకెత్తి తోకనే పిలుస్తోంది.

తోక గాల్లో వేలు తిప్పుతూ ఆ గీతల వెంట వెళ్ళాడు. తర్వాత, ఆ రెక్క రోడ్డు మీదికి ఎందుకెళ్ళిందని మెల్లగా అడిగాడు.

"మన గ్రౌండులో పట్టలేదురా," అంది టవర్.

అప్పుడు ఏడ్చాడు తోక. అన్నాళ్ళదీ కలిపి గట్టిగా, అక్క మెడ పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, కిందికి దింపు, నడవాలి అన్నాడు.

కింద అమ్మ ఒకసారి గట్టిగా హత్తుకుని వదిలింది. తోక రెక్క మొదట్లో గీత మీద కాలు పెట్టాడు. ఎప్పుడూ ముందు నడిచే టవర్ ఈసారి వాడి వెనకాల నిలబడింది. సున్నంతో గీసిన మొదటి ఇంజిన్ దాటారు. రెండోది దాటారు. మూడోది కూడా దాటారు. గేటు దగ్గర తోక ఆగి వెనక్కి తిరిగాడు.

"అయిపోయిందా అక్కా?"

"లేదురా, ఇంకా ఉంది. నువ్వు నడు."

తోక కళ్ళు తుడుచుకుని గేటు దాటాడు. వాడి వెనకాలే టవర్ కూడా దాటింది.