మోటారు షెడ్డులో ఆకురాయి

మా ఊరి జీడితోటలో ఒక మోటారు షెడ్డు ఉంది. పొద్దు గూకితే అటు ఎవరూ పోరు. కిందటేడు కాపలాదారు కన్నయ్య దాని గుమ్మంలోనే తూటా తగిలి చచ్చిపోయాడు. పోలీసులు ఆ కేసు గురించి మళ్లీ అడుగుతున్నారని తెలిసిన దగ్గర్నుంచీ రాత్రిళ్లు లోపల ఒకటే చప్పుడు... గర్... గర్...

"కన్నయ్య కత్తి నూరుతన్నాడు. అటు ఎల్లకండ్రా!" — ఊరందరికీ ఈ మాట చెప్పింది తోట ఆసామి గౌరీశంకర్. మేం నమ్మాం. సిగ్గులేని నమ్మకం.

శవంలో దొరికింది రైఫిల్ తూటా. ఊళ్లో రైఫిల్ ఉన్నది గౌరీశంకర్ ఒక్కడికే, తాతల నాటి వేట తుపాకీ. "అది తిత్లీ తుఫానులోనే పోయింది" అన్నాడు. ఎదురు చెప్పడానికి మాలో ఒక్కడికీ నోరు రాలేదు.

మొన్న శుక్రవారం కన్నయ్య కూతురు భాను కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ముగించుకుని, ఆటో దొరక్క, చీకట్లో తోటకి అడ్డంపడి వస్తోంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

గర్... గర్...

భాను పరిగెత్తలేదు. 'నాన్నయితే నన్నేటి సేత్తాడు?' అనుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది.

లోపల సెల్‌ఫోన్ వెలుగు. గౌరీశంకర్ — ఒళ్లో ఆ రైఫిల్ — గొట్టం మీది నంబరునీ, కంపెనీ ముద్రనీ ఆకురాయితో అరగదీస్తున్నాడు. తాత తుపాకీని సముద్రంలో పారెయ్యడానికి మనసొప్పలేదు! కన్నయ్య శవాన్ని వదిలి పోవడానికి మాత్రం ఒప్పింది.

తుపాకీ నుంచి విప్పిన బోల్టు — తూటాని గొట్టంలోకి తోసే, పిడి ఉన్న ఇనుప కడ్డీ — కిటికీ గట్టు మీద ఉంది. భాను ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడింది... ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టింది. సరిగ్గా ఆ బోల్టే తీసింది.

ఇనుము గట్టుకి గీసుకుంది. ఆకురాయి ఆగింది.

"ఎవుర్రా?"

భాను కిటికీ పక్కకి ఒదిగింది.

"కన్నయ్యా... నువ్వేట్రా? పందనుకున్నాన్రా... పందనుకునే పేల్చాన్రా..."

ఊరిని భయపెట్టినవాడు గోడకి అతుక్కుపోయాడు. ఈ మాటే ఆ రోజు నలుగురిలో చెప్పుంటే మనిషనేవాళ్లం.

తెల్లారి స్టేషన్‌లో ఎస్సై భాను తెచ్చిన బోల్టుని తిప్పి చూశాడు. పిడి మొదట్లో చిన్న అంకెలు. లైసెన్సు పుస్తకంలోనూ అవే అంకెలు. గొట్టానికి కొట్టిన నంబరే బోల్టుకీ కొడతారట — ఆసామికే తెలీదు. మధ్యాహ్నానికల్లా తుపాకీతో సహా పట్టుకొచ్చారు.

"దీని మీద నంబరుంటుందని నీకెవరు చెప్పారమ్మా?"

"మా నాన్న సార్. ఆ తుపాకీ తుడిసి నూనె రాసింది ఆయనే కదా."

"ఎప్పుడు చెప్పాడు? చిన్నప్పుడా?"

భాను తల అడ్డంగా ఊపింది.

"రాత్రి... కిటికీ కాడ."