తంబాకీ కడుపులో గింజలు

తెఫె పట్నంలో డిటెక్టివ్ జుల్మీరా ఆఫీసు తలుపు తట్టిన ఎదిలేనీ కాళ్ళకు ఏటి బురద ఇంకా ఆరలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నిన్న తెల్లారగట్ల దొంగవలలు పడకుండా మడుగు కాపలాకి పోయిన మా ఆయన వాల్దెమీర్ తిరిగి రాలేదమ్మా. ముళ్ళతాళ్ళ మడుగులో పడవ ఒక్కటే దొరికింది, పక్క పగిలి. నల్లమొసలి లాక్కుపోవడం కళ్ళారా చూశానని మా మరిది అంటున్నాడు. ఊరంతా కొవ్వొత్తి వెలిగించమంటోంది. నేను వెలిగించలేదు."

"ఎందుకని?"

"వెలిగిస్తే ఆయన పోయాడని ఒప్పుకున్నట్టేగా!"

జుల్మీరా లేచి గొడుగు అందుకుంది. నాలుగేళ్ళుగా ఆమె దగ్గర సహాయకుడిగా ఉన్న అనీజియో మరపడవ సిద్ధం చేశాడు.

ఏరు రోజుకు జానెడు చొప్పున పెరుగుతోంది. అడవి నడుముదాకా మునిగి ఉంది. చెట్ల మధ్య నల్లటి నీళ్ళలో ఎక్కడో 'టప్' మంది. అనీజియో ఉలిక్కిపడ్డాడు.

"రబ్బరు గింజ పడిందయ్యా, మొసలి కాదు" అంది ఎదిలేనీ. "ఆ చప్పుడుకే తంబాకీ చేపలు మూగుతాయి. మా ఆయన గడకి గుండు కట్టి అదే చప్పుడు చేసి పడతాడు. రెండు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్ళీ రెండు. ఎవరి వాయింపు వాళ్ళది."

నీళ్ళ మీద తేలే మరిది ఒతోనియెల్ ఇంటి అరుగు మీద తొట్టిలో మూరెడు తంబాకీ ఉంది. దాని చుట్టూ మంచుముక్కలు కరుగుతున్నాయి.

"ఇది ఎక్కడ పట్టావు నాయనా?" అని అడిగింది జుల్మీరా.

"ముళ్ళతాళ్ళ మడుగులోనమ్మా, నిన్న తెల్లారగట్ల. గేలం వేసుకుని కూర్చుని ఉండగానే అన్న కేక వినబడింది."

"వేరే చోటికి వెళ్ళలేదూ?"

"అక్కణ్ణుంచి కదల్లేదు. ఒట్టు."

"అయితే ఊళ్ళోవాళ్ళని పిలువు. అందరం తిందాం."

"అన్న పోయిన ఇంట్లో విందేంటమ్మా?" అన్నాడు. అయినా జనం వచ్చారు. చేపల బజారులో పదేళ్ళు కత్తి పట్టిన జుల్మీరా చెయ్యి ఒక్క గీతతో చేప కడుపు చీల్చింది. చితికిన గింజల ముద్ద అరుగు మీద పడింది. గోధుమరంగు పెంకుల మీద మచ్చలు.

"ఇవేంటో చెప్పండి" అంది జుల్మీరా.

"రబ్బరు గింజలు" అన్నాడు ఒక ముసలాయన. వెంటనే అతని ముఖం పాలిపోయింది.

"తంబాకీ పళ్ళు మనిషి పళ్ళలాంటివి. చెట్టు కింద రాలింది రాలినట్టే నములుతుంది. ముళ్ళతాళ్ళ మడుగులో రబ్బరు చెట్టు ఉందా?"

"ఒక్కటీ లేదు. పాత రబ్బరు అడవిలోనే. ఇక్కడికి పట్నంవైపు గంట దూరం" అన్నాడు ముసలాయన.

"మీరంతా మొసలి కోసం అటువైపు మడుగులో వెతికారు, ఎందుకంటే చూపించింది ఇతనే. మరి కరెంటులేని ఈ ఊళ్ళో మంచు ఎక్కడిది? పట్నం చేపల పడవల్లో ఉంటుంది." జుల్మీరా ఒతోనియెల్ వైపు తిరిగింది. "దొంగవలలు వేయడానికి ఆ పడవను రబ్బరు అడవిలోకి నువ్వే రానిచ్చావు. కాపలా తిరుగుతూ మీ అన్న చూశాడు. అతన్ని అక్కడే ఉంచి, అతని పడవ పగలగొట్టి ముళ్ళతాళ్ళ మడుగులో తెచ్చి వదిలావు. మొసలి లేని చోట మొసలిని చూశానన్నావు. ఆ వలలో పడిన చేపనే, నువ్వు మడుగులో ఉన్నావనడానికి సాక్ష్యమనుకుని దాచుకున్నావు."

ఒతోనియెల్ ఎదిలేనీ కాళ్ళు పట్టుకున్నాడు. "నా చేత్తో చంపలేదు వదినా! నడుం దగ్గర చెట్టుకి కట్టేశానంతే."

"ఏ చెట్టుకి?"

"చీకట్లో... తెలీదు. అప్పటికి నీళ్ళు గుండెలదాకా ఉన్నాయి."

ఒకరోజుకు జానెడు. అనీజియో మనసులో లెక్క కట్టి, ఆ పైన ఆలోచించలేకపోయాడు.

రబ్బరు అడవిలో పడవ మోటారు ఆపేశారు. వేల చెట్లు, అన్నీ ఒక్కలాగే. "వాల్దెమీర్!" అని అరిచారు. టప్. దూరంగా టప్. గింజ రాలిన ప్రతిసారీ అనీజియో అటు తల తిప్పాడు. నీటి కింద ఏదో బరువుగా తిరిగి వెళ్ళింది.

టప్, టప్.

"మళ్ళీ గింజలే" అన్నాడు నీరసంగా.

జుల్మీరా అతని చెయ్యి పట్టుకుంది. "ష్. గింజలు జతగా రాలతాయా?"

ఎదిలేనీ అప్పటికే తెడ్డు తీసుకుంది. పడవ అంచు మీద రెండుసార్లు కొట్టి, ఊపిరి బిగబట్టి ఆగింది.

చెట్ల వెనక నుంచి, నీటి మీద అరచేత్తో కొట్టిన రెండు దెబ్బలు బదులు పలికాయి.