కుస్కోలో వండిన ముద్దపప్పు

శనివారం మధ్యాహ్నం రెండింటికి నైనిక వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ కారు తాళం చేతిలోంచి వదల్లేదు, కోటు విప్పలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఆంటీ, నేను తియ్యలేదు. ఐ స్వేర్. అందరూ నన్ను దొంగ అంటున్నారు."

"ముందు కోటు విప్పు," అంది దేదీప్య. "నిజంగా తీసినవాళ్ళు లాయర్ దగ్గరికి పోతారు. నా దగ్గరికి రారు."

అమెరికాలోని పార్సిప్పనీలో ఇండియన్ కిరాణా కొట్టు పైన రెండు గదుల ఆఫీసు దేదీప్యది. పదేళ్ళపాటు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ విసుగెత్తి, సొంతంగా ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆమె అసిస్టెంటు రంగయ్య పాతికేళ్ళు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. దేదీప్య తుమ్మినా అందులో ఏదో తెలివి ఉంటుందని గట్టిగా నమ్మే మనిషి. ఆయన నోట్‌బుక్ తీసి సిద్ధమయ్యాడు.

నైనిక ఇక్కడే పుట్టి పెరిగింది. ఫార్మా కంపెనీలో బంగారం లాంటి ఉద్యోగం మానేసి, తెలుగువాళ్ళని కొండ ప్రాంతాలకు తీసుకెళ్ళే టూర్ కంపెనీ పెట్టింది. పగలంతా చూపించడం, సాయంత్రం తెలుగు భోజనం పెట్టించడం. మొదటి టూర్ పెరూకి. పదకొండు మంది, తొమ్మిది రోజులు. ఇంకాల రాతి గోడలు, ఒల్లాంటైటాంబో మెట్లు, మాచు పిచ్చు అన్నీ చూపించింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళని చెయ్యి పట్టుకుని ఎక్కించి దింపింది. చివరి రోజు లిమాలో పెట్టెలు సర్దుకుంటుంటే లీలావతి గొల్లుమంది. ఆమె ఏడు రాళ్ళ వజ్రాల దిద్దులు పోయాయి. అత్తగారు పెట్టినవి.

"లీలావతి ఆంటీ సూట్‌కేస్ నంబర్ లాక్ అలాగే ఉంది," అంది నైనిక. "బ్రేక్ చెయ్యలేదు. ఆ నంబర్ నేనే సెట్ చేశాను, న్యూఆర్క్ ఎయిర్‌పోర్ట్‌లో. ఆంటీకి రాకపోతే హెల్ప్ చేశా. రూమ్స్ అన్నిటికీ స్పేర్ కార్డ్స్ కూడా నా దగ్గరే ఉన్నాయి. ఇంకెవర్ని అంటారు?"

అనడమంటే మామూలుగా అనలేదు. ఫ్లైట్ దిగీ దిగకముందే లీలావతి వాట్సాప్‌లో ఊరంతటికీ చాటింది. అక్టోబర్ టూర్‌కి చేరిన ఇరవై ఇద్దరిలో పద్దెనిమిది మంది వెనక్కి తగ్గారు. వాళ్ళందరినీ ప్లెయిన్స్‌బరోలో ఉండే లక్ష్మీపతి తన టూర్‌కి రమ్మంటున్నాడు. ఆయనా పెరూ వచ్చినవాడే, వంటలో చెయ్యి తిరిగినవాడు. రేపు మధ్యాహ్నం పాత బృందాన్నీ, ఆ పద్దెనిమిది మందినీ భోజనానికి పిలిచి కొత్త టూర్ సంగతి చెబుతాడట. నైనికని మాత్రం పిలవలేదు.

"టూర్స్ పోతే పోనీ ఆంటీ. అమ్మ గుడికి వెళ్ళట్లేదు. లాస్ట్ వీక్ ప్రసాదం లైన్‌లో ఎవరో అమ్మని చూసి హ్యాండ్‌బ్యాగ్ ఇటు నుంచి అటు మార్చుకున్నారంట." అంటూనే మళ్ళీ ఏడుపందుకుంది.

రంగయ్యకి ఒళ్ళు మండిపోయింది. దేదీప్య మాత్రం నైనిక ఫోన్ తీసుకుని టూర్ ఫోటోలు ఒక్కొక్కటే చూడసాగింది. ఎయిర్‌పోర్టులో అందరూ ఎవరేం తిండి తెచ్చారో బెంచీ మీద పరిచి చూపించుకుంటున్న ఫోటో ఉంది. ఆవకాయ, జంతికలు, లీలావతి చేతిలో స్టీలు డబ్బా.

"అందులో ఏముంది?"

"కందిపొడి. తెచ్చారు గానీ ఎవరికీ పెట్టలేదు. అడిగితే రేపు తీస్తా, రేపు తీస్తా అన్నారు."

ఇంకో ఫోటో దగ్గర దేదీప్య చెయ్యి ఆగింది. బల్ల మీద అన్నం, నెయ్యి, పక్కన పెద్ద గిన్నె.

"ఇదేం పప్పు? ఇటుక రంగులో ఉంది."

"ముద్దపప్పు. సెకండ్ డే, కుస్కోలో. మేం సక్సయ్‌వామాన్ కోట చూసి వచ్చేసరికి లక్ష్మీపతి అంకుల్ రెడీ చేసి పెట్టారు. సూపర్ సాఫ్ట్. ఎండుమిర్చి వేయించి కలిపారంట, అందుకే ఆ కలర్. అందరూ ప్లేట్లు నాకేశారు."

"కుక్కర్ తీసుకెళ్ళారా?"

"లేదు, బరువని వద్దన్నా. హోటల్‌వాళ్ళ గిన్నె, వాళ్ళ స్టవ్."

"ఆ ఊరు ఎంత ఎత్తులో ఉంది?"

"ఎలెవన్ థౌజండ్ ఫీట్ పైనే. ఫస్ట్ టూ డేస్ అందరికీ హెడేక్. శ్యామ్‌సుందర్ అంకుల్, అంటే లీలావతి ఆంటీ హస్బెండ్, కోటకి కూడా రాలేదు. రూమ్‌లోనే పడుకున్నారు."

దేదీప్య ఫోన్ తిరిగిచ్చేసింది. "రేపు పన్నెండింటికి మంచి చీర కట్టుకుని రా. భోజనానికి వెళ్దాం."

*

సాయంత్రం నాలుగింటికి లీలావతి అపార్ట్‌మెంటు తలుపు తీస్తూనే విరుచుకుపడింది.

"ఆ పిల్ల పంపిందా మిమ్మల్ని? నేనేమైనా ఊరికే అన్నానా? లాక్ నంబర్ ఎవరికి తెలుసు చెప్పండి! నాకు, మా ఆయనకి, దానికి. అంతే కదా!"

"నిజమే లీలావతిగారూ. సూట్‌కేసులో ఎక్కడ పెట్టారు?"

"సూట్‌కేసులోనే."

"సూట్‌కేసులో ఎక్కడ?"

లీలావతి వంటింటి వైపు చూసింది. అక్కడ శ్యామ్‌సుందర్ టీ పెడుతున్నాడు. ఆమె గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

"కందిపొడి డబ్బాలో. చిన్న కవర్లో చుట్టి మధ్యలోకి నొక్కేశాను. ఎవరు వెతుకుతారండీ పొడిలో? ఆయనకి మాత్రం చెప్పకండి. బ్యాంకు లాకర్లో పెట్టమని లక్షసార్లు చెప్పాడు. సూట్‌కేసులో పాత పర్సులో పెట్టానని చెప్పాను."

"పెరూ వెళ్ళాక డబ్బా మళ్ళీ చూశారా?"

"కుస్కోలో రెండో రోజు పొద్దున చెంచాతో కెలికి చూశా. ఉన్నాయి. తరవాత ఆయన గదిలోంచి కదిల్తేగా! మళ్ళీ లిమాలోనే చూశాను. దిద్దులూ లేవు, పొడి కూడా సగానికి దిగిపోయింది. ఆ రాక్షసి ఒలకబోసి వెతికి ఉంటుంది."

 టీ తెచ్చిన శ్యామ్‌సుందర్‌ని దేదీప్య ఒక్క ప్రశ్న అడిగింది. ఆ రెండో రోజు గదికి ఎవరైనా వచ్చారా?

"ఎవరూ రాలేదమ్మా. తల పగిలిపోతుంటే హోటల్ అమ్మాయి కోకా ఆకుల టీ ఇచ్చి పోయింది. లక్ష్మీపతి ఒకడు వచ్చి ఎలా ఉందని పలకరించాడు. కొత్తవాళ్ళెవరూ రాలేదు. నైనిక కూడా కోటకి పోయింది కదా."

తిరిగి వస్తూ దేదీప్య కింద కొట్లో అరకిలో కందిపప్పు, ఒక కందిపొడి ప్యాకెట్ కొంది. రంగయ్య ఆ సంచీ వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏంది మేడమ్ గిది? దొంగను పట్టుకోమంటే వంట జేస్తరా?"

"వంట నేను చెయ్యను రంగయ్యగారూ. రేపు వంట తెలిసినవాళ్ళతోనే మాట్లాడదాం."

"నాకైతే ఒక్క ముక్క సమజ్ కాలే," అన్నాడాయన. కానీ ఆయన మొహం వెలిగిపోతోంది. మేడమ్ ఇలా మాట్లాడిందంటే కేసు అయిపోయినట్టే లెక్క.

*

ఆదివారం ప్లెయిన్స్‌బరోలో లక్ష్మీపతి ఇల్లు జనంతో కిటకిటలాడుతోంది. గోడ మీది టీవీలో మాచు పిచ్చు, దాని కింద లక్ష్మీపతి ఫోటో. ఆయన భార్య రేణు వంటింట్లోంచి గిన్నెలు మోసుకొస్తోంది. నైనిక గుమ్మంలో కనబడగానే మాటలు టక్కున ఆగిపోయాయి. లీలావతి మొహం తిప్పుకుంది.

"భోజనానికి కాదులెండి," అంది దేదీప్య నవ్వుతూ. "లక్ష్మీపతిగారి ముద్దపప్పు గురించి అమెరికా అంతా చెప్పుకుంటుంటే, ఎలా చేశారో కనుక్కుందామని వచ్చాను."

పొగిడితే పొంగిపోని వంటవాడు ఎక్కడున్నాడు? లక్ష్మీపతి కండువా సర్దుకున్నాడు.

"అదేముందండీ! పొద్దున్నే మాటిచ్చాను, సాయంత్రం మీకు ముద్దపప్పు పెడతానని. మామూలు గిన్నె, మూత. అరగంటలో వెన్నలా ఉడికింది. ఎండుమిర్చీ జీలకర్రా వేయించి నూరి కలిపాను. చేతిలో ఉండాలి."

"అరగంటలోనే?"

"అరగంటే! కావాలంటే వీళ్ళందర్నీ అడగండి."

"మీరంతా తిన్నవాళ్ళు, వండింది ఆయనొక్కరే," అని దేదీప్య సంచీలోంచి కందిపప్పు తీసి బల్ల మీద పెట్టింది. "రేణుగారూ, మీరు చెప్పండి. కుక్కర్ లేకుండా ఈ ఊళ్ళోనే కందిపప్పు ముద్దగా ఉడకాలంటే ఎంతసేపు పడుతుంది?"

"గంట పైనే," అంది రేణు. ఆమె మొగుడి వైపు చూడలేదు.

"కొండ పైకి పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. గిన్నెలో తెర్లుతూనే ఉంటాయి గానీ పప్పు ఉడకదు. పదకొండు వేల అడుగుల మీద, కుక్కర్ లేకుండా, రెండు గంటలు మరిగించినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. మరి లక్ష్మీపతిగారి పప్పు వెన్నలా ఎలా వచ్చింది?"

 దేదీప్య రెండో ప్యాకెట్ కూడా బల్ల మీద పెట్టింది.

"కందిపొడి. వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర. వేడినీళ్ళు పోసి నెయ్యి వేసి కలిపితే నిమిషంలో ముద్ద. రంగు ఇటుక రంగు. లీలావతిగారూ, మన్నించండి, ఇప్పుడు దాచలేం. మీ దిద్దులు ఎక్కడ పెట్టారు?"

లీలావతి మొగుడి వైపు ఒకసారి చూసింది. "కందిపొడి డబ్బాలో," అంది.

"ఏంటీ!" అని శ్యామ్‌సుందర్ లేచి నిలబడ్డాడు.

"మీ మాట తరవాత. దిద్దులు కాజేసేవాడు దిద్దులు తీసుకుని పోతాడు. సగం డబ్బా పొడి ఎందుకు పట్టుకుపోతాడు? అంటే వాడికి ముందు కావలసింది పొడే. నిన్నటి నుంచీ నేను ఆలోచిస్తున్నది ఆ ఒక్కటే, ఆ కొండ మీద పొడి కోసం కాలు కాలిన పిల్లిలా తిరిగిందెవరని. శ్యామ్‌సుందర్‌గారూ, ఆ రోజు లక్ష్మీపతి మీ గదికి వచ్చి ఎలా ఉందని అడిగాడు. ఇంకేం అడిగాడు?"

శ్యామ్‌సుందర్ నుదురు రుద్దుకున్నాడు. "పొడి... కాస్త కందిపొడి ఉంటే ఇవ్వన్నా అన్నాడు. తల తిరుగుతుంటే లాక్ తీసి డబ్బా ఇచ్చేశాను. చీకటి పడకముందే తెచ్చిచ్చాడు. అయినా పొడి ఇవ్వడం కూడా ఒక విషయమా తల్లీ? ఎవరడిగినా ఇస్తాం కదా!"

"చూశారా," అంది దేదీప్య. "దిద్దులు పొడిలో ఉన్నాయని మొగుడికి తెలియదు. పొడి మొగుడు అరువిచ్చాడని పెళ్ళానికి తెలియదు. ఇద్దరూ కలిసి ఒక్క మాట మాట్లాడుకుని ఉంటే ఈ పిల్ల ఇన్నాళ్ళు ఏడ్చేది కాదు. పొద్దున డబ్బాలో దిద్దులు ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బా ఒక్కరి చేతికే వెళ్ళింది."

లక్ష్మీపతి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఏదో పొడి అడిగాననుకోండి! అంతమాత్రాన దొంగనైపోతానా? రుజువేది?"

అప్పుడు రేణు చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది. వంటింట్లోకి పోయింది. ఫ్రిజ్ తలుపు చప్పుడు వినబడింది. అల్లం ముద్దల ప్యాకెట్ల వెనక నుంచి గడ్డకట్టిన చిన్న పొట్లం తెచ్చి దేదీప్య చేతిలో పెట్టింది.

"టూర్ నుంచి వచ్చినరోజు పెట్టాడు. మసాలా, ముట్టుకోకన్నాడు. ముట్టుకోలేదు," అంది.

దేదీప్య పొట్లం విప్పింది. ఎర్రటి పొడి అంటుకున్న ఏడేసి రాళ్ళు, రెండు దిద్దుల మీదా తళుక్కుమన్నాయి. లీలావతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తియ్యాలని తియ్యలేదు!" అన్నాడు లక్ష్మీపతి. గొంతులో దర్పమంతా దిగిపోయింది. "చెంచాకి తగిలాయి. రాత్రి ఇచ్చేద్దామనే అనుకున్నా. ఇస్తే పొడి కలిపిన సంగతి చెప్పాలి. పరువు పోతుందని ఆగాను. తరవాత ఆవిడ నైనిక పేరు ఎత్తింది..."

"ఎత్తగానే మీకు టూర్ కంపెనీ కనబడింది," అంది దేదీప్య. "ముద్దపప్పు పరువు కోసం మొదలెట్టి ఒక ఆడపిల్ల పరువు తీశారు. పోలీసుల దగ్గరికి వెళ్ళాలో వద్దో లీలావతిగారు చెప్పాలి."

"వెళ్తాం," అన్నాడు శ్యామ్‌సుందర్, భార్య నోరు తెరవకముందే.

రంగయ్య ఇక ఆగలేకపోయాడు. "అరె, కమాల్ మేడమ్! పెరూకు పోకుండనే ఇంట్ల కూసొని పట్టిండ్రు గదా!" అని చప్పట్లు కొట్టాడు. కొట్టాక తనొక్కడే కొడుతున్నాడని తెలిసింది గానీ ఆపలేదు. తర్వాత ఇంకొకరు కలిశారు, ఇంకొకరు కలిశారు. ఎవరో టీవీ ఆపేశారు. అక్టోబర్ టూర్ నుంచి తప్పుకున్నవాళ్ళలో ఒకాయన ముందుకొచ్చి, "అమ్మా, మా ఇద్దరి పేర్లూ మళ్ళీ రాసుకుంటావా?" అని అడిగాడు.

లీలావతి లేచి నైనిక దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ పట్టుకుంది. "తప్పయిపోయిందమ్మా. నా నోరు పడిపోను."

నైనిక చేతులు విడిపించుకోలేదు. ఏడవనూ లేదు. "నాకు కాదు ఆంటీ," అంది. "అమ్మ బయట కార్‌లో ఉంది. లోపలికి రానంది. ఆమెకి చెప్పండి."

లీలావతి గుమ్మంలో విడిచిన చెప్పుల కోసం కూడా వెతుక్కోలేదు. సాక్సులతోనే ఎండలోకి నడిచింది. ఇంట్లోవాళ్ళందరూ ఆమె వెనకాలే పచ్చిక మీదికి వచ్చారు. కారు అద్దం మీద తట్టింది. అద్దం సగం దిగింది. లోపలున్నావిడ ఆమెని చూసి, మళ్ళీ ఎదురుగా రోడ్డు వైపే చూడసాగింది.

"తప్పు నాది వదినా. మీ అమ్మాయిని అనరాని మాట అన్నాను. నన్ను క్షమించండి."

"నా చెవిలో చెప్పొద్దు," అందావిడ మెల్లగా. "అన్నప్పుడు అందరికీ వినబడేలా అన్నారు కదా."

 లీలావతి వెనక్కి తిరిగి, కొంగు నడుముకి బిగించి, పచ్చిక మీద నిలబడ్డవాళ్ళందరి వైపూ చూస్తూ గొంతు చించుకుని అరిచింది.

"నైనిక దొంగ కాదు! దాన్ని దొంగ అన్నదాన్ని నేను! తప్పు నాది, నాది, నాది!"

పక్కింటి అమెరికన్ గడ్డి కోసే మెషీన్ ఆపి మరీ చూశాడు. కారు తలుపు తెరుచుకుంది. నైనిక వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని దిగి, కూతురి చెయ్యి పట్టుకుని, తలెత్తుకుని అందరి మధ్యలోంచి లోపలికి నడిచింది.