సాయంత్రం పూట మనిషి

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే అబ్బాయికి పొగరని అందరూ అనుకునేవారు. పగలంతా మర్యాదగా పనిచేసుకుని, పొద్దు వాలగానే ఎవరు పిలిచినా వినిపించుకోకుండా ఇంటికి పరుగు తీసేవాడు మరి.

నిజానికి పొగరూ లేదు, పాడూ లేదు. పాపం అతనికి చిన్నప్పటి నుంచీ ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బంది. డాక్టరు రాసిన మాత్ర పొద్దున్నే వేసుకుంటే పని సాఫీగా సాగేది. సాయంత్రానికి దాని ప్రభావం తగ్గిపోయేది. అప్పటి తనని ఎవరూ చూడకూడదని, అద్దె గదిలో తలుపేసుకుని ఒక్కడే బిక్కుబిక్కుమంటూ గడిపేవాడు.

కళ్లు పరీక్షించే అమ్మాయి కొత్తగా చేరింది. ఒకటికి రెండుసార్లు కాఫీకి పిలిచింది. ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాడు. చివరికి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేను నచ్చలేదంటే చెప్పేయండి. రోజూ ఇలా పారిపోనక్కర్లేదు."

నచ్చకపోవడమా! రేపు తప్పకుండా వస్తానని మాటిచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఇంకో మాత్ర మింగాడు. సాయంత్రం బుద్ధిమంతుడిలా కూర్చుని, ఆమె చెప్పిందంతా విన్నాడు. గుండె దడదడలాడింది, ఆకలి చచ్చిపోయింది, రాత్రి కంటిమీద కునుకు లేదు. ప్రేమంటే ఇదే కాబోలని మురిసిపోయాడు పిచ్చి నాయన. ఆ తర్వాత రోజూ అదే వరస.

ఒకనాడు వానలో ఒకే గొడుగు కింద నడుస్తూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అది వణకడం చూసి, తను పట్టుకున్నందుకే అనుకుని ముందు సిగ్గుపడింది, ఎంతకీ తగ్గకపోయేసరికి భయపడింది. గట్టిగా అడిగేసరికి ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె అప్పటికప్పుడే అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు బీపీ చూసి చీవాట్లు పెట్టాడు. సొంతంగా మాత్రలు పెంచుకుంటే గుండెకే ముప్పన్నాడు. రాసినంతే వేసుకోవాలని, చాలకపోతే వచ్చి తనకు చెప్పాలని, కొన్నాళ్లు కాఫీ కూడా మానమని చెప్పాడు.

బయటికొచ్చాక అతను తలెత్తలేదు. "ఇక సాయంత్రాలు రాలేనండి. మాత్ర లేని నన్ను మీరు భరించలేరు."

"నేను చూడకుండానే మీరెలా చెబుతారు? రేపు రండి."

వెళ్లాడు. ఒక కబురు మొదలెట్టి సగంలో వదిలేసి ఇంకోటి అందుకున్నాడు. ఆమె మాటకు రెండుసార్లు అడ్డొచ్చాడు. మంచినీళ్ల గ్లాసు ఒలకబోశాడు. చివరికి సిగ్గుతో లేచి వెళ్లిపోబోయాడు.

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇన్నాళ్లూ మీరు చక్కగా వినేవారు, మీ గురించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. ఇంటికెళ్లాక, నాలో నేనే మాట్లాడుకుని వచ్చినట్టుండేది. మీరంటే నాకు ఇష్టం. ఇలాగే రండి."

ఇన్నేళ్లలో ఈ సాయంత్రం పూట మనిషిని రమ్మని పిలిచింది ఆమె ఒక్కతే. మళ్లీ కూర్చున్నాడు.