శుక్రవారం మోగిన గంట

ఆ గంట గదికి మొదటినుంచీ చెడ్డపేరే.

గోదావరిఖనిల బొగ్గుబాయి క్వార్టర్లు అయిపోయినకాడ ఒక చిన్న చర్చి, దాని పక్కన గంట గోపురం, గోపురం అడుగున ఇరుకు గది. గంట కొట్టే ఆగయ్య తాత ఒక గుడ్ ఫ్రైడే నాడు ఆ గదిలనే తాడు పట్టుకొని కూలబడ్డడు... మళ్ల లేవలేదు. అప్పటిసంది, గంట కొట్టగూడని దినాలల్లనే ఆయన వచ్చి కొడ్తడని అంటరు.

గుడ్ ఫ్రైడేకు ముందటి గురువారం పూజల మహిమ గీతం పాడినంక గంట, హార్మోనియం రెండూ మూగబోతయి. శనివారం రాత్రి ఈస్టర్ పాస్కా పూజల ఆ గీతం మళ్ల ఎత్తుకునేదాక గంటకు బదులు చెక్కలు కొట్టుడే, ఉత్త గొంతుతోని పాడుడే.

సకలజనుల సమ్మె అయినంక వచ్చిన ఎండకాలం అది. పాటల గుంపుల ముందు నిలబడి పాడే యేసమ్మ, శుక్రవారం పొద్దుగూకినంక మళ్ల చర్చికి బయలెల్లింది. గాలివాన లేచింది. గంట గదిల పెట్టిన హార్మోనియం తడుస్తదని ఆమె ఫికరు.

నడుం పడిపోయి మంచం దిగలేని అత్త సారవ్వ ఊకుంటదా?

"నీ ఏడుపు పాటకు పీనుగలు సుత లేచొస్తయే. ముందు నాకు నీళ్లు కాగవెట్టి పో!"

"పెడ్త అత్తా. గిట్ల పోయి గట్లొస్త."

మొగడు నైట్ షిఫ్టుకు పోయిండు. వాకిట్ల వాన. బొగ్గుల పొయ్యి పొగ పోకముందే లోపలికి తెచ్చింది, నీళ్ల గిన్నె ఎక్కించింది, జల్లు కొడ్తదని తలుపు దగ్గరికేసి ఉరికింది.

గదిల హార్మోనియం మీద పట్టా కప్పుతుంటే కరెంటు పోయింది. ఆ చీకట్ల వెనుక తలుపు ధడేలుమన్నది. తాళం పడ్డ చప్పుడు... ఉరుకుతున్న అడుగులు.

చర్చికి తాళాలేసే ఉపదేశి మత్తయి. ఆ గదంటే వానికి పాణం మీదికొస్తది. లోపల ఎవరున్నరని తొంగిసూసే ధైర్యం వానికేది!

"మత్తయీ! నేనురా... తలుపు తియ్యి!"

గాలికి ఆమె గొంతు ఆమెకే వినవడలే.

అప్పుడు గుర్తొచ్చింది — పొయ్యి! మూసిన ఇంట్ల బొగ్గు పొగ నిద్రలనే మనిషిని మింగుతది. బాయి మీద బతికేటోళ్లల్ల అది తెల్వనిదెవరికి? అత్త లేవలేదు. అరిస్తె వినేటోళ్లు లేరు.

తలుపు గుద్దింది. భుజంతోని నెట్టింది. ఇనుప తలుపు, కదల్లే. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే ఉన్నది...

చీకట్ల చెయ్యి చాపితె తాడు తగిలింది.

గంట కొట్టాల్నా? ఈ రాత్రా? ప్రభువు సమాధిల ఉన్న రాత్రి... చెయ్యి వెనక్కి తీసుకున్నది. అత్త ముఖం కండ్లల్ల మెదిలింది.

"తప్పయితె నన్ను కొట్టు సామీ, ఆమెను కాదు" అనుకుంట తాడు గుంజింది.

పైన గంట మోగింది — గోపురం అదిరేటట్టు. మళ్ల గుంజింది. మళ్ల...

గోడకున్న బెత్తెడు సందుల కెల్లి చూసింది. క్వార్టర్లల్ల దీపాలు కదిలినయి. ఎవలన్న వస్తరు, ఇగ వస్తరు...

ధన్, ధన్‌మని తలుపులు మూసుకున్నయి. ఒక్క కేక గాలిల తేలొచ్చింది —

"ఆగయ్య తాత లేచిండు! పిల్లల్ని లోపలికి గుంజుర్రి!"

యేసమ్మ తాడు ఇడిసింది. ఎంత కొడితె అంత దూరం ఉరుకుతున్నరు. ఇగ ఆ గదిల దయ్యం తనే.

నేల మీద కూలబడ్డది.

ఎంతసేపో... తాళం కదిలింది. టార్చిలైటు లోపలికొచ్చింది. వెనుక మత్తయి, ముఖంల నెత్తురు చుక్క లేదు.

"నువ్వా... అక్కా? ఫాదర్ సూసి రమ్మని తోలిండు..."

ఆమె వాన్ని నెట్టుకొని వానల్లనే ఉరికింది.

తమ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉన్నది. పొయ్యి అరుగు మీద, చూరు కింద. లోపల వాడకట్టు ఆడోళ్లంత పిల్లలతోని సారవ్వ మంచం చుట్టు ముడుచుకొని కూసున్నరు.

"ఎక్కడ సచ్చినవే? గంట మోగిందని వీళ్లంత నా కొంగుల దాక్కునుడు! మంచం దిగలేనిదాన్ని, నేను కాపాడాల్నట!"

పక్కింటి పోశవ్వ అన్నది: "ఎక్కిరియ్యకు అవ్వా. మొగోళ్లంత నైట్ షిఫ్టుకు పాయె, పెద్దదానివని మేం భయానికి నీ కాడికి ఉరికి రాకుంటె ఏమయితుండె? లోపల పొగకు నీకు మాటనే రాకపాయె. ముందు పొయ్యే బయటికి గుంజినం."

యేసమ్మ అత్త కాళ్ల మీద పడి ఏడ్చింది. ఏడ్చుకుంటనే నవ్వింది.

"ఆగయ్య తాత లేడు, ఎవ్వలు లేరు అక్కా... కొట్టింది నేనే. గదిల చిక్కుకపోయిన!"

ఇల్లంత నవ్వులు లేచినయి. పోశవ్వ ఆమె వీపు మీద ఒక్కటేసింది.

గడపల నిలబడ్డ మత్తయి మాత్రం నవ్వలే.

"నువ్వెట్ల కొడ్తవ్ అక్కా?" అన్నడు మెల్లగ. "గంట లోపలి ఇనుప నాలుక అరిగిందని... గురువారం పూజ అయినంక నేనే ఇప్పిన. మా ఇంట్ల, మంచం కింద ఉన్నది."

పోశవ్వ పిల్లల్ని దగ్గరికి గుంజుకున్నది.

యేసమ్మ అరచేతులు చూసుకున్నది. తాడు కోసిన గీతలు ఇంకా ఎర్రగనే ఉన్నయి.